కుదించిన పదకొండు నిమిషాలు

మా సంఘంలో కంప్యూటరు ముందు కూర్చునేవారు ఎవరైనా సరే, ముందు రికార్డింగు మొదలుపెట్టాలి. ఆ తరువాతే మొదటి అక్షరం కొట్టాలి. ఈ నియమం పెట్టింది నేను. యమునను పనిలోంచి తీసివేసింది కూడా నేనే, ఆ రికార్డింగునే సాక్ష్యంగా పెట్టి.

చీరల అంచుల నమూనాలను కాపాడుకోవడానికి గద్వాల నేతగాళ్లు పెట్టుకున్న సంఘం ఇది. వనపర్తిలో ముప్పై నాలుగేళ్లు లెక్కలు బోధించి విశ్రాంతిలో ఉన్న నన్ను కార్యదర్శిగా ఉండమని సంఘం పెద్ద మద్దిలేటి అడిగాడు, ఒప్పుకున్నాను. పాత కుటుంబాల దగ్గర గళ్ల కాగితాల మీద గీసిన అంచులు ఉండేవి. చెదలు తిన్నవి తినగా మిగిలినవాటిని వరుస తరువాత వరుస, ఏ గడి నిండిందో ఏది ఖాళీయో అంకెలుగా మార్చి కంప్యూటరులోకి ఎక్కించడం మా పని. యంత్రం గద్వాల ఆఫీసులో ఉంటుంది. వనపర్తి నుంచి నేను, నాగర్‌కర్నూల్ నుంచి మగ్గాలకు నమూనా చిల్లుల అట్టలు కొట్టించే మహేందర్ దానిలోకే ప్రవేశించి పని చేస్తాం. బొమ్మలు లేని నల్లటి తెర. కమాండ్ టైపు చేసి ఎంటర్ నొక్కితే పని జరిగిపోతుంది. మా వైపు నెట్టుకు అంతకంటె బరువు మోసే ఓపిక లేదు.

రికార్డింగు అంటే వీడియో కాదు. తెర మీద ఏ అక్షరం ఏ క్షణాన పడిందో రాసిపెట్టుకునే చిన్న ఫైలు. దాన్ని మళ్లీ నడిపిస్తే, టైపు చేసినవారు చేసినట్టే అక్షరాలు ఒకటొకటిగా వస్తాయి. తప్పు కొట్టి చెరిపినవి కూడా. నేను వనపర్తిలో నా దగ్గరున్న, ఆ యంత్రంలోని వివరాల నకలు మీద ఒక పని చేసి, దాని రికార్డింగు పంపేదాన్ని. గద్వాల ఆఫీసులో యంత్రం చూసుకునే యమున దాన్ని నడిపించి చూసి, అసలు యంత్రం మీద అదే పని అదే వరుసలో చేసేది. లెక్కలో జవాబుకు ఒక మార్కు, మెట్లకు నాలుగు మార్కులు అని నేను చదివిన కాన్వెంటులో లెక్కలు చెప్పే సిస్టర్ అనేది. నేనూ నా పిల్లలకు అదే చెప్పాను. రికార్డింగులో మెట్లన్నీ ఉంటాయి. అందువల్ల నేను దాన్ని మనిషి మాట కంటె ఎక్కువ నమ్మాను.

జూన్ రెండో వారంలో యంత్రంలో జాగా నిండిపోయింది. పొరపాటున రెండుసార్లు ఎక్కిన నమూనాలను తీసివేయాలి. ఎలా తీసివేయాలో నా నకలు మీద చేసి చూపించి రికార్డింగు పంపాను. మా దగ్గర ఒక్కో కుటుంబానికి ఒక్కో అంకె. నా నకలులో ఏడో అంకె కింద ఉన్నవి పనికిరాని కాపీలు. అయితే ఆ నకలు డిసెంబరు నాటిది. జనవరిలో అంకెలు సర్దినప్పుడు ఏడో అంకెను జములమ్మకు ఇచ్చాం. ఆ సంగతి నాకు తెలుసు. ఆ రోజు గుర్తు రాలేదు.

జములమ్మ డెబ్బై దాటిన నేతగత్తె. ఆమె భర్త తన చేత్తో గీసిన పన్నెండు అంచులు ఆమె దగ్గర ఉండేవి. జనవరి నుంచి మే వరకు ఐదు నెలల పాటు యమున వాటిని గడి గడిగా ఎక్కించింది. అప్పటికే ఆ కాగితాలు పట్టుకుంటే పొడి రాలుతున్నాయి. పని ముగిసేసరికి కాగితాలు లేవు, అంకెలు మాత్రమే ఉన్నాయి. ఆ అంకెలే జూన్‌లో పోయాయి.

విచారణకు ఐదుగురు పెద్దలు కూర్చున్నారు. అడిగింది నేను, రాసింది నేను. యమున తీసివేత చేసిన రోజు రికార్డింగును తెర మీద నడిపించాను. పెద్దలకు ఓపిక తక్కువ. రెండు సెకన్లు దాటిన ప్రతి విరామాన్నీ రెండు సెకన్లకు కుదించి చూపించే సదుపాయం ఒకటి ఉంది. నేను ఎప్పుడూ దానితోనే చూస్తాను. ఆ రోజూ దానితోనే చూపించాను. ఏడో అంకె కింద ఉన్న పన్నెండు పేర్లు తెర మీదికి వచ్చాయి. దాని కింద తీసివేత కమాండ్ వచ్చింది. రెండు సెకన్లు. ఎంటర్. పేర్లు లేవు.

పాఠంలో నేను అంకె తప్పుగా చూపించిన మాట నిజమేనని పెద్దల ముందు ఒప్పుకున్నాను. అయితే పాఠం పాఠమే, తీసివేసే ముందు ఆగి చూసుకోవడం మనిషి బాధ్యత అన్నాను. పన్నెండు పేర్లు కళ్ల ముందు ఉండగా ఈ పిల్ల రెండు సెకన్లకు మించి ఆగలేదు, తన చేత్తో ఐదు నెలలు ఎక్కించినవాటిని గుర్తు పట్టలేదు, ఇది పొరపాటు కాదు, నిర్లక్ష్యం అన్నాను. నా నోట ఆ మాటలు చక్కగా, ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

యమున గోడ పక్కన నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ల పిల్ల. నల్లతెర మీద మొదటి అక్షరం నా దగ్గరే కొట్టింది.

"ఆగిన మేడం. అడిగిన" అన్నది.

"ఎవరిని అడిగావు?"

ఆమె నా వైపు చూసింది. తరువాత తల దించుకుంది. మద్దిలేటి కూడా అడిగాడు: "చెప్పు బిడ్డా, ఎవర్నడిగినవ్? ఊకుంటె ఎట్ల?" దించిన తలను నేను ఒప్పుకోలుగా రాసుకున్నాను. యంత్రాన్ని ఆమె మళ్లీ ముట్టుకోకూడదని, ఆఫీసు గడప దాటి లోపలికి రాకూడదని తీర్మానం రాసి సంతకాలు తీసుకున్నాను. ఆ రికార్డింగుకు 'చేయకూడని పని' అని పేరు పెట్టి, కొత్తగా వచ్చేవారు చూడవలసిన పాఠాలలో చేర్చాను.

యమున స్థానంలో ఖిల్లా ఘణపూర్ నుంచి సాయిశ్రీ అనే అమ్మాయి వచ్చింది. బుద్ధిమంతురాలు, కాని చెయ్యి నెమ్మది. ప్రతి రికార్డింగునూ అసలు వేగంలో, ఏమీ కుదించకుండా నడిపించుకుంటూ, పక్కన నోటుబుక్కులో మెట్లు రాసుకునేది. సెప్టెంబరు ఇరవై ఎనిమిదిన నేను గద్వాలలో ఉన్నాను. మధ్యాహ్నం ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడం, గా 'చేయకూడని పని' నడిమిట్ల ఆగిపోయింది. కంప్యూటర్ ఖరాబైందేమో అనుకొని, అన్నం తిని చెయ్యి కడుక్కొని వచ్చిన. వచ్చినంక కదిలింది. యమునక్క గీడ ఎందుకు ఆగింది?"

వెళ్లి చూశాను. కమాండ్ టైపు అయింది. ఎంటర్ పడలేదు. తరువాతి అక్షరం పడవలసిన చోట గీత వెలుగుతూ ఆరుతూ ఉంది. ఫైలులో సమయాలు అంకెలుగా ఉంటాయి. వాటిని తీసి లెక్క వేశాను. పదకొండు నిమిషాల పది సెకన్లు. రికార్డింగు మొదలైన తేదీ, గంట కూడా అందులోనే ఉన్నాయి. నాకు వచ్చే ఫోన్లు తక్కువ. జూన్ నాటి జాబితా నా ఫోనులో ఇంకా చెరిగిపోలేదు. ఆ పదకొండు నిమిషాలలో యమున మూడుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లు నేను ఎత్తలేదు. మూడోసారి ఎత్తాను. నలభై సెకన్లు మాట్లాడాను.

ఆ తేదీన నేను శ్రీరంగాపూర్‌లో ఉన్నాను. నా పాత శిష్యురాలి పెళ్లి. సన్నాయి చెవులు పగిలేలా మోగుతుంటే, స్తంభం చాటుకు వెళ్లి ఫోను ఎత్తి, విసుక్కుని మాట్లాడి పెట్టేశాను. ఏమన్నానో కూడా గుర్తుకు వచ్చింది. గుర్తుకు రావడానికి పెద్ద కష్టపడనవసరం లేదు, అది నేను ఆ పిల్లతో వారానికి రెండుసార్లు అనే మాట.

న్యాయం కోరే మనిషినని నలుగురూ నన్ను అంటారు, నేనూ అనుకుంటాను. అటువంటి నేను అప్పుడు ఏం చేశానో రాయాలి. "రికార్డింగులను కుదించి చూడాలమ్మా, లేకపోతే ఇట్లా సమయం వృథా అవుతుంది" అని సాయిశ్రీకి చెప్పి, వనపర్తి బస్సు ఎక్కాను. నాలుగు రోజులు ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఐదుగురు పెద్దలకు ఆ విరామం సంగతి తెలియదు, మహేందర్‌కు తెలియదు. చెప్పవలసిన మనిషి జూన్‌లోనే నోరు మూసుకుంది. అంతా నా ఒక్కదాని చేతిలో ఉంది. ఆ ఆలోచన నాకు కాస్త ఊరట కూడా ఇచ్చింది. ఆ ఊరటే నన్ను ఇప్పటికీ ఎక్కువగా బాధపెడుతుంది.

అక్టోబరు రెండు సెలవు దినం. చేయవలసిన పని మిగిలి ఉందన్న నెపంతో గద్వాల వెళ్లి, ఖాళీ ఆఫీసులో కూర్చున్నాను. సాయిశ్రీ నోటుబుక్కు కంప్యూటరు పక్కనే ఉంది. తెరిచాను. 'చేయకూడని పని' మెట్లు వరుసగా రాసుకుంది: లోపలికి ప్రవేశించవలెను, ఏడో అంకె తెరవవలెను, పేర్లు చూడవలెను, తీసివేత కమాండ్ కొట్టవలెను. ఐదో మెట్టు దగ్గర, 'ఎంటర్ నొక్కే ముందు పదకొండు నిమిషాలు ఆగవలెను' అని రాసుకుంది. నేను కుదించమన్న తరువాత కూడా ఆ వాక్యాన్ని కొట్టివేయలేదు. ఆ పిల్లకు అది కూడా ఒక మెట్టే. ముప్పై నాలుగేళ్లు మెట్లకు మార్కులు వేసిన నేను ఒక మెట్టును తీసేసి జవాబు దిద్దాను.

మరునాడు ఉదయం గట్టు అనే ఊరికి వెళ్లే బస్సు ఎక్కాను.

యమున గట్టులో మేనత్త ఇంట్లో ఉంటూ విత్తనాల కోసం పెంచే సీడుపత్తి చేలో కూలికి పోతోందని మద్దిలేటి చెప్పాడు. చేను దగ్గరికి వెళ్లేసరికి పది కావస్తోంది. పది మంది ఆడవాళ్లు సాళ్ల వెంట నడుస్తూ, ఒక పువ్వును తెంపి దాని పుప్పొడిని ఇంకో పువ్వుకు రుద్దుతూ పోతున్నారు. యమున నన్ను చూసింది. నిలబడలేదు.

"ఎండెక్కితె పువ్వు పట్టది మేడం. గీ సాళ్లయిపోనియ్యిండ్రి. జర ఆగుండ్రి" అన్నది.

చేను గట్టు మీద కూర్చున్నాను. గంటన్నర పట్టింది. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. పని ముగిశాక బాటిలు ఎత్తి నీళ్లు తాగి, నాకు కూడా ఇచ్చి, ఎదురుగా నేల మీద కూర్చుంది. వేళ్లన్నీ పసుపుపచ్చగా ఉన్నాయి. నేను లెక్క వేసినదంతా చెప్పాను: పదకొండు నిమిషాలు, మూడు ఫోన్లు, నలభై సెకన్లు. ఆమె ఆశ్చర్యపోలేదు.

"మీరు యాది మర్చిపోయిన్రని నాకు తెలుసు. మీకు గది రోజూ అనే మాటనే గద" అన్నది.

"నువ్వు ఆ రోజే చెప్పవలసింది. ఎందుకు చెప్పలేదు?"

"అడిగేటిది మీరే, రాసేటిది మీరే. ఇగ నేను ఎవరికి చెప్పాలె మేడం?"

ఆమె వేళ్లకు అంటిన పుప్పొడిని గడ్డికి రుద్దింది. నలుగురిలో చదువు చెప్పిన మనిషి పేరు ఎత్తితే ఎదురు మాట్లాడినట్టు అవుతుందని, మీరే గుర్తు చేసుకుని చెబుతారని ఆ గోడ పక్కన నిలబడి చూశానని చెప్పింది. కోపంగా చెప్పలేదు. తరువాత, పోయిన వస్తువు సంగతి ఏమైందన్నట్టుగా అడిగింది:

"జములమ్మవ్వ అంచులు మల్ల తీసిన్రా మరి?"

"పోయినవి ఎక్కడి నుంచి తీస్తాం?"

ఆమె నా ముఖం వైపు చూసింది. "ఏంది మేడం, గట్లంటరు? నేను ఎక్కిచ్చినన్ని రోజులు రికార్డింగు నడిచింది గద. గవి తిరిగి నడిపిస్తె నేను కొట్టిన వరుసలన్ని తెర మీదికొస్తయి. చూసుకుంట కొట్టుకోవచ్చు. గిది చెప్దామని విచారణ అయిన తెల్లారే ఆఫీసుకొచ్చిన. మీ ఆర్డరున్నదని మద్దిలేటి తాత గడప కాడ్నే ఆపిండు. మీకు చేసిన, మీరు ఎత్తలే."

రికార్డింగులను ఆరు నెలలకు మించి ఉంచకూడదని నేనే నియమం పెట్టాను; ప్రతి నెలా ఒకటో తేదీన గడువు దాటిన నెలవి వాటంతటవే చెరిగిపోతాయి. ఆగస్టు ఒకటిన జనవరివి, సెప్టెంబరు ఒకటిన ఫిబ్రవరివి పోయాయి. మొన్న, అక్టోబరు ఒకటిన, మార్చివి పోయాయి. అక్కడే సాయిశ్రీకి ఫోన్ చేసి ఆ నియమాన్ని ఆపించాను. మిగిలిన రికార్డింగుల జాబితా చదివించుకుని, ఏ నెలలో ఎన్ని అంచులు ఎక్కించిందో యమునను అడిగాను. జనవరి, ఫిబ్రవరిలో ఐదు. మార్చిలో మూడు. ఏప్రిల్, మేలో నాలుగు.

జూన్‌లో ఆ పిల్లను గడప లోపలికి రానిచ్చి ఉంటే పన్నెండూ దొరికేవి. సాయిశ్రీ నన్ను ప్రశ్న అడిగిన మధ్యాహ్నమే నేను నోరు విప్పి ఉంటే ఏడు దొరికేవి. నేను నాలుగు రోజులు నా పరువును చూసుకున్నాను; ఆ నాలుగు రోజుల్లో మూడు అంచులు పోయాయి. మేము దోషి కోసం వెతికామే గాని, ఈ మూడు నెలలకు పైగా అంచుల కోసం ఒక్క రోజు కూడా వెతకలేదు.

పెద్దలను మళ్లీ కూర్చోబెడతాను, నువ్వు రావాలి అన్నాను. యమున తల అడ్డంగా ఊపింది.

"నేను రాను. మల్ల గా గోడ పక్కన నిలబడుడు నాతోని కాదు. మీరే చూసుకోండ్రి. పత్తి పని అయిపోయేదాంక ఉంటనని గీళ్లకు మాటిచ్చిన. గది అయినంక అడుగుండ్రి, చెప్త" అని లేచి, తువ్వాలు దులిపి తలకు చుట్టుకుంది.

ఆదివారం నాడు అదే గదిలో అదే ఐదుగురు కూర్చున్నారు. జములమ్మను కూడా పిలిపించాను. మహేందర్ నాగర్‌కర్నూల్ నుంచి వచ్చాడు. నేను గోడ పక్కన నిలబడ్డాను. సాయిశ్రీని యంత్రం దగ్గర కూర్చోమని, దేనినీ కుదించకుండా నడిపించమన్నాను.

పన్నెండు పేర్లు వచ్చాయి. వాటి కింద కమాండ్ వచ్చింది. చివర గీత వెలుగుతూ ఆరుతూ నిలిచింది.

ఒక నిమిషం గడిచింది. రెండు గడిచాయి. పెద్దలలో ఒకాయన, జర జల్ది నడిపియ్యరాదా అన్నాడు. కుదరదన్నాను. మద్దిలేటి కండువా తీసి మళ్లీ వేసుకున్నాడు. బయట ఎవరో బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయారు. నాలుగో నిమిషంలో జములమ్మ తెర వైపే చూస్తూ అడిగింది.

"గా పిల్ల గిప్పుడు ఏం చేస్తుంది టీచరమ్మా?"

"నాకు ఫోన్ చేస్తోంది. నేను ఎత్తడం లేదు."

గీత వెలిగింది, ఆరింది. ఏడో నిమిషం దాటింది.

"గిప్పుడో?"

"మళ్లీ చేస్తోంది. ఎత్తలేదు."

పదో నిమిషంలో ఎవరూ అడగకుండానే నేను చెప్పాను: "ఇప్పుడు ఎత్తాను. ఏడులో జములమ్మవ్వ అంచులు ఉన్నాయి, తీసేయమంటారా అని అడుగుతోంది."

"నువ్వేమన్నవ్?" అన్నది జములమ్మ.

ఆ మాటను మెత్తబరచకుండా, శ్రీరంగాపూర్ స్తంభం చాటున ఎలా అన్నానో అలాగే పలికాను. "పాఠంలో ఉన్నది ఉన్నట్టు చెయ్యి. ప్రతిదానికీ నన్ను అడిగితే నువ్వెందుకు అక్కడ?"

తెర మీద ఎంటర్ పడింది. పన్నెండు పేర్లు పోయాయి.

ముందే రాసి తెచ్చిన కాగితం చదివాను. జూన్ తీర్మానం తప్పు, దోషం కార్యదర్శిది. కార్యదర్శి యంత్రాన్ని ముట్టుకోకూడదు. ఆమె ప్రవేశాన్ని ఈ రోజే మూసివేయాలి. 'చేయకూడని పని' అన్న పేరు అలాగే ఉండాలి, దాని కింద చేసినవారిగా నా పేరు ఉండాలి. మద్దిలేటి, ఇంత దూరం ఎందుకు టీచరమ్మా, వయసు మీద పడ్డది, పొరపాటు ఎవరికైనా అయితది అని ఏదో అనబోయాడు. జూన్‌లో ఆ మాట యమునకు చెప్పని మీరు ఇప్పుడు నాకు చెప్పకూడదన్నాను. ఆయన సంతకం పెట్టాడు. మహేందర్ అక్కడికక్కడే నా ప్రవేశం మూసివేశాడు.

జములమ్మ సంతకాలు అయ్యేదాకా కూర్చుని చూసింది. తరువాత, ఎన్ని దొరుకుతాయి అని అడిగింది. నాలుగు అన్నాను. మిగిలిన ఎనిమిది నీకేమైనా జ్ఞాపకం ఉన్నాయా అని అడిగాను, అడగడానికి నాకు హక్కు లేకపోయినా.

"గవి ఆయన చేతిల ఉండె. నేను నేసిన, గాని గీయలే" అన్నది. తరువాత, "గా నాలుగన్న ఎవరు తీస్తరు?" అన్నది.

"సాయిశ్రీ తీయగలదు. కాని యమున అయితే తన వరుసలు తనకు తెలుస్తాయి, తప్పు రాదు. పత్తి పని అయ్యాక అడగమంది."

"నువ్వు పోయి అడుగకు. నేను పోయి అడుగుత" అని జములమ్మ కర్ర అందుకుని లేచింది.

గట్టు బస్సు పొద్దున ఏడింటికి ఉందని, పువ్వు పని ముగిసేదాకా ఆ పిల్ల మాట్లాడదని, చేను గట్టు మీద కూర్చుని ఆగాలని మాత్రం ఆమెకు చెప్పాను.